రెండు పాయింట్లు తగ్గిద్దాం

ఆదివారం పొద్దున ఏడున్నరకు ఎమ్మిగనూరులో ఉగ్గాని తింటూ ఉండగా ఫోను వచ్చింది. ఆదోనిలో మా వీధికి పాలు పోసే పాలాయన.

"అన్నా, సైకిలు షాపు చాచా పోయినాడన్నా. తెల్లారి నమాజుకు లేసి కాళ్ళు చేతులు కడుక్కుంటా కుళాయి కాడనే కూలబడినాడంట. ఆస్పత్రికి ఎత్తుకపోయే టయిము గూడా లేదు. మధ్యాన్నం జొహర్ నమాజైనాక మట్టి. నువ్వు యాడుండావు?"

ఎమ్మిగనూరులో ఉన్నానని, సైకిలు మీద వచ్చానని చెప్పాను. "బిన్నా రా అయితే" అని పెట్టేశాడు.

ప్లేటులో మిగిలిన ఉగ్గాని, బజ్జీ పూర్తిగా తిన్నాను. చావు కబురు విన్నవాళ్ళకు ముద్ద దిగదంటారు. నాకు దిగింది. ముప్పై కిలోమీటర్లు తొక్కాలి, ఎండ ముదరక ముందే చేరాలి. ఖాళీ కడుపుతో సైకిలు ఎక్కవద్దని నాకు చెప్పినవాడు కూడా ఆయనే. కాబట్టి తిన్నాను, నీళ్ళు నింపుకున్నాను, బయలుదేరాను.

దారి పొడుగునా ఒకే ఆలోచన. ఆయనకు నేను చెప్పవలసిన నిజం ఒకటుంది. నాలుగేళ్ళుగా చెప్పలేదు. ఇక చెప్పడానికి మనిషి లేడు. ఈ నాలుగు పేజీలు రాయడానికి అసలు కారణం అదే, మిగతాదంతా దాని చుట్టూ అల్లుకున్నది.

చాచా నాకు చుట్టం కాడు. ఆదోనిలో మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఎనిమిదడుగుల షాపు ఆయనది. పంక్చర్లు వేసేవాడు, గాలి కొట్టేవాడు, వంకర చక్రాలు సరిచేసేవాడు. ఊళ్ళో సగం మంది ఆయన్ను చాచా అనే పిలిచేవారు, నేనూ అట్లాగే పిలిచాను. నలభై ఏళ్ళ పైచిలుకు ఆయన చూసిందంతా బరువు మోసే సైకిళ్ళే. పాలక్యాన్ల సైకిళ్ళు, ఎమ్మిగనూరు నేత బట్టలు మూటలు కట్టుకుని తిరిగే సైకిళ్ళు, కట్టెల మోపుల సైకిళ్ళు. ఆ సైకిళ్ళు పోయి మోటారు బండ్లు వచ్చినా ఆయన మాత్రం సైకిలు వదల్లేదు. "మోటారు బండికి నా చెయ్యి ఒప్పదప్పా" అనేవాడు.

ఇక నా సంగతి. మాది పత్తి వ్యాపారం. పొద్దున దుకాణంలో పరుపు మీద కూర్చుంటే సాయంత్రం లేచే బతుకు. నాలుగేళ్ళ కిందట నేను నూట పద్నాలుగు కేజీలు. ఇది డాక్టరు మిషను చెప్పిన అంకె కాదు, దాని ముల్లు చివరిదాకా పోయి ఆగిపోయింది. మా గోడౌనులో పత్తి తూచే కాటా మీద ఎక్కి చూసుకున్నాను. హమాలీలు మర్యాదస్తులు, అటు తిరిగి బీడీలు వెలిగించుకున్నారు. ఇట్లాగే ఉంటే మోకాళ్ళు రెండేళ్ళు కూడా రావని, షుగరు ఇప్పటికే వచ్చేసిందని డాక్టరు అన్నాడు. నడవమన్నాడు. నడిస్తే మోకాళ్ళు నొచ్చాయి. సైకిలు తొక్కమన్నాడు. మామూలు సైకిలు నన్ను మోయదేమోనని భయపడి, కర్నూలు పోయి కొండల్లో తొక్కే రకం సైకిలు తెచ్చుకున్నాను. లావు టైర్లు, వాటి మీద బుడిపెలు, గేర్లు. చూస్తే ధైర్యం కలిగేటట్లు ఉండేది.

తెచ్చిన రోజే చాచా షాపుకు తీసుకుపోయాను. ఆయన సైకిలును చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. గోడకు ఆనించి నన్ను ఎక్కి కూర్చోమన్నాడు. వెనక టైరు కింద నేలకు ఎట్లా అణిగిందో వంగి చూశాడు. అప్పుడు షాపు ముందు ఐదారుగురు ఉన్నారు, పాలాయన కూడా ఉన్నాడు.

"అబ్బో! క్యాన్లు కాదప్పా ఇది, నిండు మూట! పత్తి మూటకు కొట్టినట్ల కొట్టాల గాలి" అన్నాడు చాచా.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లావుగా ఉన్నవాడు నవ్వే నవ్వు ఒకటి ఉంటుంది, అందరికంటే ముందు మొదలుపెట్టి అందరికంటే ఆలస్యంగా ఆపుతాడు. ఆ నవ్వు నవ్వాను. ఆయన వెనక యాభై, ముందు నలభై ఐదు పాయింట్ల గాలి కొట్టి పంపాడు. అప్పట్లో ఆయన దగ్గర మీటరు లేదు, బొటనవేలితో నొక్కి అంకె చెప్పేవాడు.

సందు తిరిగాక ఆ నవ్వు నాలో ఆగిపోయింది. టైరు పక్కన చిన్న అక్షరాల్లో అరవై ఐదు అని రాసి ఉంది. అది మించకూడని ఆఖరి గీత అని నాకు తెలియదు. నాలాంటి మూటకు అంత ఉండాలేమో, ఈ ముసలాయన తక్కువ కొట్టాడేమో, నడి బజారులో టైరు ఢామ్మని పేలితే ఊరంతా నవ్వుతుందేమో అనుకున్నాను. పెట్రోలు బంకులోకి తిప్పి రెండు చక్రాలకూ అరవై ఐదు కొట్టించుకున్నాను. టైర్లు రాయిలాగా అయ్యాయి. నాకు అప్పుడు ప్రాణం నెమ్మదించింది.

మర్నాడు పొద్దున ఎమ్మిగనూరు రోడ్డులో కొంత దూరం పోయి, పొలాల మధ్య బండి బాటలోకి దిగాను. గరుసు బాట. కొద్దిగా పల్లం. ప్రతి గులకరాయి నడుములో తగిలింది. సైకిలు నేల మీద నిలవకుండా ఎగిరెగిరి పడింది. ఒక మలుపు దగ్గర ముందు చక్రం పక్కకు జారింది, నేను కంప చెట్ల మీదికి పోయాను. కుడి మణికట్టు విరిగింది. ఇద్దరు గొర్రెల కాపరులు లేపి కూర్చోబెట్టారు. లేపడానికి వాళ్ళు పడిన పాట్లు వర్ణించను.

సైకిలును ఎవరో ఆటోలో వేసి చాచా షాపు దగ్గర దించారు. నేను ఆస్పత్రిలో ఉన్నాను.

ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాల్లో మూడు కేజీలు పెరిగాను. మనకు ఇవన్నీ అచ్చిరావులే, సైకిలు ఎవరికైనా ఇచ్చేద్దాం అని ఇంట్లో తీర్మానం అయింది. కట్టు విప్పిన మూడో రోజు చాచా మా దుకాణానికి వచ్చాడు. పని రోజున ఆయన షాపు వదిలి రావడం ఎవరూ చూడలేదు. నెత్తిన టోపీ, చేతులకు నల్లటి జిడ్డు. పరుపు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"తప్పు నాదే సేటూ" అన్నాడు. "ఆ పొద్దు నేను చేసింది తప్పు. సైకిలు చక్రం సరిచేసి పెట్టినా. రేపు పొద్దున రా. నిన్ను సరిగ్గా తొక్కించే పూచీ నాది."

అప్పుడు చెప్పవలసింది. చాచా, నువ్వు కొట్టిన యాభై కాదు, నేను బంకులో కొట్టించుకున్న అరవై ఐదు నన్ను పడేసింది అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చుట్టూ గుమాస్తాలు ఉన్నారు. తేలు కుట్టిన దొంగలాగా ఊరుకున్నాను. "అయ్యో, మీ తప్పేముంది చాచా" అన్నాను, అదేదో పెద్దరికం ప్రదర్శిస్తున్నట్లు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మర్నాడు మొదలైంది చదువు. ఎవరు ఎవరికి చెప్పారో ఇప్పటికీ నాకు తెలియదు. యార్డు వెనక జిన్నింగు మిల్లు గోడ పక్కన గరుసు బాట ఒకటుంది, రెండు వందల గజాలు. చాచా చేత్తో కొట్టే పంపు తెచ్చాడు, నేను గాలి కొలిచే మీటరు కొనుక్కొచ్చాను. యాభైతో మొదలుపెట్టించాడు. నేను చివరిదాకా తొక్కి తిరిగి వచ్చేసరికి ఆయన నేల మీద వంగి నా టైరు గుర్తు చూస్తున్నాడు.

"సూడు. నడిమి బుడిపెలే పడినాయి. పక్కవి నేలను తాకనే లేదు. అందుకే జారేది. రెండు పాయింట్లు తగ్గిద్దాం."

సుయ్యిమని కొద్దిగా గాలి వదిలేవాడు. మళ్ళీ తొక్కు. మళ్ళీ గుర్తు చూడు. రెండు పాయింట్లు తగ్గిద్దాం. మలుపులో రాయి మీద కూర్చుని చెవి ఇటు పెట్టేవాడు. గట్టి టైరు గరుసు మీద గలగలమంటుందట, సరైన టైరు గొణుగుతుందట. నాకు అన్నీ ఒకటే చప్పుడు. ముప్పై దగ్గరికి దించేసరికి వెనక చక్రం ఒక రాయి మీద ఠంగుమంది. ఆ చప్పుడు నాకూ వినిపించింది. ట్యూబు విప్పితే పక్కపక్కనే రెండు బెజ్జాలు.

"ముల్లు కాదిది. రాయికీ రిమ్ముకూ మధ్యన ట్యూబు నలిగింది" అన్నాడు. "అడుగు తెలిసింది గదా. ఇంక మీదికి పోదాం."

అట్లా పద్దెనిమిది రోజులు పట్టింది. వెనక ముప్పై ఎనిమిది, ముందు ముప్పై రెండు దగ్గర ఆగాం. తారు రోడ్డు మీదనే పోయే రోజు ఇంకో ఐదు కలపాలి. వానకు నల్లరేగడి బాటలోకి దిగితే మాత్రం ఎంత తగ్గించినా లాభం లేదు, భుజాన వేసుకుని నడవాల్సిందే. ముందు చక్రానికి చేతుల భారమే, వెనక దానికి మనిషి భారమంతా. కాబట్టి ముందు ఎప్పుడూ తక్కువే. నాలాంటి శరీరం ఉండి ఇటువంటి సైకిలు తొక్కేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ అంకెలు వేదం కాదు. మీ గరుసు మీద మీరు తొక్కి, మీ గుర్తు మీరు చూసుకోండి.

పదో రోజో పదకొండో రోజో ఒక మాట అన్నాడు. పంపు పక్కన పెట్టి, సాసరులో టీ పోసుకుని ఊదుకుంటూ అన్నాడు.

"నలభై ఏండ్లు పొరపాటు పడినానప్పా నేను. పాలక్యాను గుంత వస్తే లేసి నిలబడదు. మనిషి నిలబడ్తాడు. నువ్వు సీటు మీద నుంచి పైకి లెయ్యి, మోకాళ్ళు వదులుగా పెట్టు, సైకిలును నీ కింద ఆడనియ్యి. అప్పుడు ఇంత గాలి అక్కర్లే. మూట కదలదు, మనిషి కదుల్తాడు."

డెబ్భై దగ్గర పడిన మనిషి, తన చేతిలో ఉన్న విద్యను తనే తప్పు పట్టుకుని మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాడు. ఎందుకు? తన గాలి వల్ల ఒకడి చెయ్యి విరిగిందని. ఆ కారణం అబద్ధమని నాకు ఒక్కడికే తెలుసు. ఆయన వంగి నా టైరు గుర్తులు చూస్తున్నప్పుడల్లా నాకు ఆ బంకే గుర్తొచ్చేది.

ఆయన అలవాట్లు కొన్ని చెప్పాలి. గాలి కొట్టాక వాల్వు మీద వేలితో ఎంగిలి చుక్క పెట్టేవాడు. బుడగ రాకపోతేనే మూత పెట్టనిచ్చేవాడు. ముందు బొటనవేలితో నొక్కి అంకె చెప్పి, ఆ తర్వాతే మీటరు పెట్టేవాడు. తేడా వస్తే మీటరును అనుమానంగా చూసి గోడకున్న మేకుకు తగిలించేవాడు. పంపు కొట్టేటప్పుడు ఎవరు పలకరించినా బదులు చెప్పేవాడు కాదు. మాట్లాడుతూ కొట్టిన గాలి నిలవదని ఆయన నమ్మకం. దేవరగట్టు కొండ దాకా పోయి వస్తానంటే మాత్రం రెండు ట్యూబులు ఇచ్చి, "కొండ యాడికీ పోదులే, నిమ్మళంగా పోయి రా" అనేవాడు.

ఇంకొకటి నాకు ఆలస్యంగా తట్టింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన నా బరువు మాట ఎత్తలేదు. నీ తొక్కుడుకు ఇంత, నీ బాటకు ఇంత అనేవాడే గానీ, నీ బరువుకు అనలేదు. నేను తగ్గుతూ వచ్చాను. నూట ఎనిమిది, నూట రెండు, తొంభై ఆరు. ఊరంతా వీధిలో ఆపి మెచ్చుకునేది. ఆయన ఒక్కమాట అనేవాడు కాదు. నన్ను సైకిలు మీద కూర్చోమని, టైరు కిందికి వంగి చూసి, "రెండు పాయింట్లు తగ్గిద్దాం" అని సుయ్యిమనిపించేవాడు. ఆయన మెచ్చుకోలు అంతే. నేను దానికోసమే రాత్రిపూట అన్నం మాని రొట్టె తిన్నానంటే మా ఆవిడ నమ్మదు.

నిజం చెప్పేద్దామని రెండుసార్లు ప్రయత్నించాను. ఒకసారి రంజాను నాడు వాళ్ళింట్లో. "చాచా, ఆ పొద్దు నేను పడినప్పుడు..." అని మొదలుపెట్టాను. "చాచీ, సేటుకు ఇంకో గిన్నె సేమియా తే" అని లోపలికి కేకేశాడు. చక్కెర వ్యాధి ఉన్నవాడికి ఇంకో గిన్నె! ఆయనకు తెలియనిదా? పెళ్ళాన్ని చాచీ అని పిలిచాడని అందరూ నవ్వారు, ఆ గోలలో మాట పోయింది. రెండోసారి షాపులో, ఎవరూ లేనప్పుడు. "చాచా, ఆ బంకు..." అన్నాను. "వాల్వు మూత పెట్టు, దుమ్ము పోతాది" అని లోపలికి పోయాడు. నాకు బతుకు జీవుడా అనిపించింది. ఇంకోసారి చెబుదాంలే, ఎక్కడికి పోతాడు అనుకున్నాను. ఎక్కడికీ పోని వాళ్ళు ఎవరున్నారు?

ఆదోని చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకుని వాళ్ళింటికి పోయాను. చాచీ లోపల ఉంది, ఏడుపు వినిపిస్తోంది. మగవాళ్ళంతా వీధిలో కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. నమాజు తర్వాత ఖబరస్తానుకు బయలుదేరాం. దారిలో జనాజా మోస్తూ ఒకరి తర్వాత ఒకరు భుజం మారుస్తున్నారు. ఎవరో పక్కకు జరిగి నాకు చోటిచ్చారు. పది పన్నెండు అడుగులు మోశాను. నిజానికి ఏమీ బరువు లేదు. ఇంకా మోస్తానని అడగాలనిపించింది గానీ వెనక ఇంకొకరు సిద్ధంగా ఉన్నారు.

తలా మూడు పిడికెళ్ళు మట్టి వేశారు. నేనూ వేశాను. గేటు దగ్గర కుళాయి కింద చేతులు కడుక్కుంటుంటే పాలాయన పక్కకు వచ్చాడు. అతనితో అన్నాను. ఎవరితోనైనా అనకపోతే ఊపిరాడేటట్లు లేదు.

"నేను పడింది చాచా గాలి వల్ల కాదప్పా. బంకుకు పోయి అరవై ఐదు కొట్టించుకున్నా. ఆయన తన తప్పనుకునే పోయినాడు."

పాలాయన కుళాయి కట్టేసి నా ముఖంలోకి చూశాడు.

"చాచాకు ఎరుకేనన్నా."

"ఏమెరుక?"

"నీ సైకిలు ఆటోలో వచ్చినప్పుడు నేను ఆడనే ఉండా. చాచా ఎనక టైరు నొక్కినాడు, ముందర టైరు నొక్కినాడు. ఎవురూ ముట్టుకోకముందే రెండిట్లో గాలి మొత్తం వదిలేసినాడు. నేను అడిగితిని, ఏం చాచా అట్ల తీసేస్తివని. 'ఇది నేను కొట్టిన గాలి కాదప్పా, బంకుది. నిండు బజార్లో ఆ మనిషిని మూట అంటి నేను. సిగ్గుతో పోయి కొట్టిచ్చుకున్నాడు. గాలిది కాదు తప్పు, నా నోటిది. ఈ మాట ఆయన కాడ ఎప్పుడూ ఎత్తొద్దు, ఇంకా సిగ్గుపడ్తాడు' అన్నాడు. నాతో ఒట్టు పెట్టిచ్చుకున్నాడు. చాచానే పోయినాక ఇంక ఒట్టేముందిలే అని చెప్తాండా."

తప్పు నాదే సేటూ అని ఆ రోజు పరుపు మీద కూర్చోకుండా నిలబడి అన్నాడే, అది దేని గురించో నాకు అప్పుడు తెలిసింది. రంజాను నాటి రెండో గిన్నె సేమియా ఎందుకో కూడా తెలిసింది. నేను నాలుగేళ్ళు దాచానని అనుకుంటున్నది, నాలుగేళ్ళు ఆయన నా కోసం దాచాడు.

"పోదామా అన్నా?" అన్నాడు పాలాయన. నువ్వు పో, వస్తానన్నాను.

మళ్ళీ లోపలికి పోయాను. అందరూ వెళ్ళిపోయారు. కొత్త మట్టి మీద చల్లిన నీళ్ళు ఇంకా పూర్తిగా ఇంకలేదు. పక్కన మోకాళ్ళు మడిచి నేల మీద కూర్చున్నాను. నాలుగేళ్ళ కిందట నేను అట్లా కూర్చోగలిగేవాణ్ణి కాను, కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. తడి మట్టి మీద అరచెయ్యి పెట్టాను. పొద్దుటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది, ఆపుకోలేదు.

లేవడానికి నాకు ఎవరి చెయ్యీ అక్కర్లేదు. అయినా చాలాసేపు లేవలేదు.